ఫొటోలో పడ్డ ఆకాశపు వెలుగు ఏమిటో తేల్చే పద్ధతి

రాత్రి ఆకాశాన్ని ఫొటో తీస్తే అందులో ఏదో వెలుగు పడింది. అదేమిటో తెలియదు. అందరూ ముందు చేసే పని ఫొటోను సాగదీసి పెద్దది చేయడం. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎంత సాగదీస్తే అన్ని పిక్సెళ్లు కనిపిస్తాయి తప్ప వస్తువు కనిపించదు. మనకు కావాల్సినవి మూడు అంకెలు. ఏ క్షణంలో తీశారు, కెమెరా ఏ దిక్కుకు ఎంత ఎత్తున చూస్తోంది, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంది. ఈ మూడూ చేతిలో ఉంటే చాలా వెలుగులు ఒక సాయంత్రం పనితో తేలిపోతాయి. ఒక్కటి లోపించినా మిగిలేది వాదనే.

అసలు ఫైలు లేకుండా మొదలుపెట్టొద్దు

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, ఫైలు లోపల దాగిన వివరాలు (ఎక్సిఫ్) చెరిగిపోతాయి. తీసినవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే ఫోన్ నుంచి కేబుల్‌తో తీసుకోండి. స్క్రీన్‌షాట్ పనికిరాదు. అంచులు కత్తిరించిన ఫొటో కూడా పనికిరాదు, కారణం కాసేపట్లో వస్తుంది. ఆ ఒక్క ఫొటోయే కాదు, దానికి ముందూ వెనకా తీసినవన్నీ అడగండి. బాగా రాలేదని పక్కన పడేసిన మసక ఫొటోలోనే చాలాసార్లు జవాబు ఉంటుంది. ఐఫోన్‌లో లైవ్ ఫొటో ఆన్‌లో ఉంటే బటన్ నొక్కడానికి 1.5 సెకన్ల ముందు నుంచి 1.5 సెకన్ల తర్వాత వరకు చిన్న వీడియో కూడా నిల్వ అవుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇలాంటిదే మోషన్ ఫొటో ఉంది. తమ ఫోన్లో అది ఉన్న సంగతే చాలామంది గమనించరు. వెలుగు కదిలిందా లేదా అన్నది ఆ మూడు సెకన్లలో తెలిసిపోవచ్చు.

ఫైలు అందగానే ఒక నకలు తీసి, పనంతా నకలు మీదే చేయండి. ఫొటో పాతదేమోనని గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ వెతకడానికి రెండు నిమిషాలు చాలు. పదేళ్ల కిందటి ఫొటో నిన్న రాత్రిదిగా తిరగడం మామూలే. తర్వాత ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫైలు తెరిచి తీసిన సమయం, టైమ్‌జోన్ తేడా, ఎక్స్‌పోజర్ సమయం, ఐఎస్ఓ (సెన్సర్ కాంతికి స్పందించే స్థాయి), ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పుగా చూస్తుందో చెప్పే అంకె), జీపీఎస్ స్థానం రాసుకోండి. ఫైలు చివరిసారి మార్చిన తేదీ వేరు, ఫొటో తీసిన తేదీ వేరు. ఈ రెండింటినీ కలిపేసి తప్పుదారి పట్టేవాళ్లు ఎక్కువ.

గడియారం సంగతి

ఫోన్ గడియారం నెట్‌వర్క్‌తో సరిచూసుకుంటుంది కాబట్టి సాధారణంగా నమ్మొచ్చు. డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాలను మాత్రం అలా నమ్మకూడదు. ఎప్పుడో ఒకసారి పెట్టిన టైమ్ నెలల తరబడి జారుతూ ఉంటుంది. ఏఎం, పీఎం తారుమారు కావడం, ప్రయాణం తర్వాత టైమ్‌జోన్ మార్చకపోవడం మరీ తరచుగా జరిగేవి. సరిదిద్దడం తేలిక. అదే కెమెరాతో, సెకన్లు చూపించే ఫోన్ గడియారాన్ని ఇప్పుడు ఒక ఫొటో తీయండి. ఫొటోలో కనిపించే సమయానికీ ఫైలులో నమోదైన సమయానికీ ఉన్న తేడాయే కెమెరా తప్పు. ఆ తేడాను పాత ఫొటోకు కలపండి, లేదా తీసేయండి. ఈ పని మొదటి రోజే చేయాలి. ఎవరైనా మధ్యలో గడియారం సరిచేస్తే ఆ ఆధారం పోయినట్టే. జీపీఎస్ సమయం విడిగా నమోదై ఉంటే అది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుందని గుర్తుంచుకోండి.

సమయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రెండు నిమిషాల తప్పు గ్రహాన్ని అర డిగ్రీ మాత్రమే జరుపుతుంది. ఉపగ్రహం ఆ రెండు నిమిషాల్లో 900 కిలోమీటర్లు పోతుంది. అంటే మీరు వెతికే చోట అది ఉండనే ఉండదు, అక్కడ ఏ ఉపగ్రహమూ లేదని తప్పుగా తేల్చేస్తారు.

ఫొటోలో చుక్కలు కనిపిస్తుంటే అవే ఒక గడియారం. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కింద కొండ శిఖరమో టవరో గుర్తుపట్టగలిగేలా ఉంటే, దాని పక్కన ఏ నక్షత్రం ఉందో చూసి తీసిన సమయాన్ని ఒకట్రెండు నిమిషాల తేడాతో లెక్కగట్టవచ్చు.

ఆకాశం కంటే ముందు కెమెరాను అనుమానించండి

వెలుగు అసలు బయట ఉందా, కెమెరాలోనే పుట్టిందా? కంటికి కనిపించలేదు, ఫొటోలోనే కనిపించింది అని తీసినవాళ్లు చెబితే సగం దారి దొరికినట్టే.

అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేది లెన్స్ లోపలి ప్రతిబింబం. వీధిదీపమో, నిండు చంద్రుడో, కారు హెడ్‌లైటో ఫ్రేములో ఉంటే ఆ కాంతి లెన్స్ గాజుల మధ్య, సెన్సర్ మీద కొట్టుకుని మరోచోట చిన్న వెలుగుగా పడుతుంది. ఫోన్లలో అది తరచూ ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది, మూల దీపం ఆకారమే తలకిందులుగా కనిపిస్తుంది. పరీక్ష లెక్కతో చేయొచ్చు. ఫొటో 4000 × 3000 పిక్సెళ్లు అనుకుందాం. దీపం ఎడమ నుంచి 3000, పైనుంచి 2800 దగ్గర ఉంటే ప్రతిబింబం 1000, 200 దగ్గర ఉండాలి. అంటే వెడల్పులోంచీ ఎత్తులోంచీ దీపం స్థానాన్ని తీసేస్తే చాలు. రెండూ కేంద్రానికి అటూ ఇటూ సమాన దూరంలో ఉంటాయి. కొన్ని ప్రతిబింబాలు సమాన దూరంలో పడవు గానీ, దీపం నుంచి కేంద్రం మీదుగా పోయే గీత మీదే ఉంటాయి. కత్తిరించిన ఫొటో వద్దన్నది ఇందుకే. అంచు కోస్తే కేంద్రం జరిగిపోతుంది, లెక్క కలవదు. ఇంకా సందేహం ఉంటే అదే చోట, అదే ఫోన్‌తో, ఫోన్‌ను కొద్దికొద్దిగా పక్కకు తిప్పుతూ వీడియో తీయండి. దీపం కుడికి జరిగితే అది ఎడమకు జరిగిందంటే ఇక చెప్పేదేమీ లేదు.

కిటికీ అద్దం లోంచి తీసిన ఫొటో అయితే గదిలోని దీపాలు, ఛార్జర్ ఎల్ఈడీలు, ఫోన్ తెర కూడా ఆకాశంలో తేలుతాయి. ముందు ఆ ప్రశ్న అడిగి పక్కన పెట్టేయండి.

ఫ్లాష్ వాడితే లెన్స్ ముందు కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉన్న దుమ్ము, వాన తుంపర, పురుగు గుండ్రని మసక బిళ్లలుగా పడతాయి. ఫ్లాష్ వెలిగిందో లేదో ఎక్సిఫ్‌లోనే ఉంటుంది. దీపం వెలుగులో దగ్గరగా ఎగిరే పురుగు దీర్ఘ ఎక్స్‌పోజర్‌లో రెక్కల కదలికతో అలలు తిరిగిన కడ్డీలా వస్తుంది.

సెన్సర్‌లో పాడైన పిక్సెల్ ప్రతి ఫొటోలోనూ అదే అడ్డం, అదే నిలువు స్థానంలో వెలుగుతుంది. లెన్స్‌కు మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే ఎక్స్‌పోజర్‌తో ఒక ఫొటో తీయండి. అదే చుక్క కనిపిస్తే కేసు ముగిసింది. ఫోన్‌కైతే నల్లటి గుడ్డ కప్పినా సరిపోతుంది.

ఫోకస్ తప్పితే చుక్కంత వెలుగు పెద్ద పళ్లెం అవుతుంది. ఆ పళ్లెం ఆకారం లోపల కాంతి వచ్చే రంధ్రం (అపర్చర్) ఆకారమే, గుండ్రంగానో ఆరు మూలలుగానో ఉంటుంది. అద్దాల టెలిస్కోపు గుండా తీస్తే మధ్యలో రంధ్రంతో గారెలా ఉంటుంది. చీకట్లో ఫోన్ జూమ్ చేస్తే ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ ఊగుతుంది, శుక్రుడు ఉబ్బుతూ తగ్గుతూ ప్రాణం ఉన్న గోళంలా కనిపిస్తాడు. ఇలాంటి వీడియోల్లో గోళం పరిమాణం చూసి వస్తువు పరిమాణం చెప్పడం శుద్ధ దండగ.

నైట్ మోడ్ విడిగా ఒక హెచ్చరిక కోరుతుంది. అది ఒకే ఫొటో కాదు. కొన్ని సెకన్ల పాటు వరసగా తీసిన ఫ్రేములను ఫోన్ ఒకదాని మీద ఒకటి సరిపెట్టి కలుపుతుంది. కదిలే దీపం అందులో తెగిన గీతలా, రెండుమూడు దీపాల్లా పడుతుంది. ఎక్సిఫ్‌లో నమోదైన ఎక్స్‌పోజర్ మొత్తం సమయం కాకపోవచ్చు కూడా. అంచులు పదును చేసే ప్రక్రియ వల్ల వెలుగు చుట్టూ నల్లని వలయం ఏర్పడుతుంది, దాన్ని వస్తువు అంచు అనుకోకండి.

దిక్కు, ఎత్తు

నాలుగైదు కంటే ఎక్కువ చుక్కలు స్పష్టంగా పడితే పని చాలా హాయి. ఆకాశం భాగాన్ని మాత్రం వేరు చేసి ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్‌లో ఎక్కించండి. ఫొటోలోని నక్షత్రాల అమరికను తన పట్టికతో పోల్చి, ఫొటో మధ్యభాగం ఆకాశంలో సరిగ్గా ఎక్కడిదో, ఒక్కో పిక్సెల్ ఎంత కోణమో చెబుతుంది. వెడల్పాటి లెన్స్ ఫొటోల్లో అంచులు వంగి ఉండటం వల్ల కొన్నిసార్లు తిరగ్గొడుతుంది. అప్పుడు మధ్య భాగాన్ని చిన్నగా కోసి మళ్లీ ఎక్కించండి. తర్వాత స్టెలేరియం అనే ఆకాశపటం ప్రోగ్రాంలో అక్షాంశ రేఖాంశాలు, సమయం, టైమ్‌జోన్ పెట్టి, అదే ప్రాంతం ఎంత ఎత్తున, ఏ దిక్కున ఉందో చూసుకోండి.

చుక్కలు పడకపోతే కోణాన్ని లెన్స్‌తో లెక్కగట్టాలి. 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో 26 మిల్లీమీటర్లకు సమానమైన ఫోకల్ లెంగ్త్ ఉన్న ఫోన్ ప్రధాన కెమెరా అడ్డంగా సుమారు 67 డిగ్రీలు చూస్తుంది. 4000 పిక్సెళ్ల వెడల్పుంటే సగటున డిగ్రీకి 60 పిక్సెళ్లు. చంద్రుడు అర డిగ్రీ, అంటే ఆ ఫొటోలో 30 పిక్సెళ్లే. ఫొటోలో చంద్రుడు ఉంటే అదే మీ కొలబద్ద, కాకపోతే ఎక్కువ వెలుగుకు ఉబ్బిన చంద్రుణ్ని కొలవకండి. ఇంటి కప్పు, కొండ, టవరు వంటివి ఉంటే గూగుల్ ఎర్త్‌లో తీసిన చోటు నుంచి వాటి దిక్కు తెలుస్తుంది. అక్కడి నుంచి వెలుగు ఎన్ని పిక్సెళ్ల దూరమో చూసి డిగ్రీల్లోకి మార్చండి.

ఒక్క ఫొటో నుంచి దూరం రాదు. దూరం రాకపోతే పరిమాణమూ రాదు, వేగమూ రాదు. ‘కిలోమీటరు దూరంలో బస్సంత వస్తువు’ అని ఎవరైనా అంటే ఆ రెండు అంకెలూ ఊహలే. మరో ఊరి నుంచి అదే క్షణంలో ఎవరైనా తీసి ఉంటే మాత్రం దూరం తేలుతుంది. ఇద్దరి మధ్య వెలుగు దిశకు అడ్డంగా 5 కిలోమీటర్లు ఉండి, నక్షత్రాల నేపథ్యంలో వెలుగు 3 డిగ్రీలు జరిగితే, అది దాదాపు 95 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే ఉల్క వెలిగే ఎత్తు.

గీత చెప్పే కథ

దీర్ఘ ఎక్స్‌పోజర్‌లో వెలుగు గీతగా మారిందా? అదృష్టమే. ఇక్కడ నిదానంగా చూడండి.

ముందు పక్కనున్న చుక్కల్ని చూడండి. వెలుగు వంకర తిరిగి, చుక్కలూ అచ్చం అదే వంకర తిరిగితే చెయ్యి కదిలింది, వెలుగు కదల్లేదు. చుక్కలు చుక్కలుగానే ఉండి వెలుగొక్కటే సాగితే అది నిజంగా కదిలింది. ఎల్ఈడీ దీపాల్లో కొన్ని సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతుంటాయి, చెయ్యి వణికినప్పుడు వాటి గీత తునకలు తునకలుగా పడుతుంది. నక్షత్రాల గీత అలా పడదు. దీపానికీ నక్షత్రానికీ తేడా చెప్పే చిన్న కిటుకు ఇది.

తర్వాత వేగం. గీత 120 పిక్సెళ్లు, డిగ్రీకి 60 పిక్సెళ్లు, ఎక్స్‌పోజర్ 4 సెకన్లు అంటే సెకనుకు అర డిగ్రీ. ఫ్రేము దాటి పోయిన గీతతో ఈ లెక్క చేయకూడదు, రెండు కొసలూ లోపలే ఉండాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నడినెత్తిన సెకనుకు సుమారు 1 డిగ్రీ పోతుంది, దిగంతం దగ్గర చాలా నెమ్మది. 10 కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం నడినెత్తిన సెకనుకు దాదాపు 1.4 డిగ్రీలు, 30 కిలోమీటర్ల దూరాన అడ్డంగా పోతుంటే అర డిగ్రీ. కాబట్టి వేగం ఒక్కదానితో విమానాన్నీ ఉపగ్రహాన్నీ వేరు చేయలేం. ఆకారం చూడాలి.

విమానం గీతలో సమాన దూరంలో తెల్లటి చుక్కలు ఉంటాయి, ఆగి ఆగి మెరిసే స్ట్రోబ్ దీపాల పని అది. 10 సెకన్ల గీతలో 10, 11 చుక్కలుంటే నిమిషానికి 60కి పైన మెరుపులు, విమానమే. రెక్క కొసల్లో పైలట్ ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ. విమానం మీకు ఎదురుగా వస్తుంటే ఎరుపు మీ కుడిచేతి వైపు కనిపిస్తుంది. ఉపగ్రహం గీత సాఫీగా, ఒకే మందంలో ఉంటుంది, లేదా నెమ్మదిగా పెరిగి తగ్గుతుంది. భూమి నీడలోకి వెళ్తే కొన్ని సెకన్లలో మసకబారి ఆకాశం మధ్యలోనే మాయమవుతుంది, ఇందులో వింతేమీ లేదు. ఉల్క గీత సన్నగా మొదలై లావెక్కి మళ్లీ సన్నబడుతుంది, మొదట్లో ఆకుపచ్చ ఛాయ తరచూ ఉంటుంది. ఉల్కలు సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతాయి. అదే గీత వరసగా తీసిన రెండు 10 సెకన్ల ఫొటోల్లో కొనసాగితే ఉల్క అయ్యే అవకాశం చాలా తక్కువ. నెమ్మదిగా, ముక్కలై, అర నిమిషం పైగా సాగితే వాతావరణంలోకి తిరిగి వస్తున్న రాకెట్ భాగమో ఉపగ్రహమో అని వెతకాలి.

ఇప్పుడు అనుమానితులు

వెలుగు కదలకుండా ఉంటే ముందు గ్రహాలు. శుక్రుడు, అంటే వేగుచుక్క, సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకే పొద్దుగూకాక పడమట, తెల్లవారుజామున తూర్పున మాత్రమే ఉంటాడు. దిగంతం దగ్గరి సిరియస్ నక్షత్రం గాలి పొరల వల్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో తళుకుమంటుంది, డ్రోన్ అని భ్రమపడేది దాన్నే. స్టెలేరియంలో ఒక్క నిమిషం పని ఇది.

విమానాలు పంపే సంకేతాలతో వాటి దారిని మ్యాపు మీద చూపే ఫ్లైట్‌రాడార్24 సైటులో కాలాన్ని వెనక్కి తిప్పి చూడవచ్చు, ఉచిత ఖాతాలో గడువు కొద్ది రోజులే, ఆలస్యం చేయకండి. యజమానులు కోరితే కొన్ని విమానాలు అక్కడ కనిపించవు, అలాంటివి ఏడీఎస్‌బీ ఎక్స్ఛేంజ్‌లో దొరుకుతాయి. సంకేతాలు పంపని సైనిక విమానాలు, చిన్న విమానాలు ఎక్కడా ఉండకపోవచ్చు. అందుచేత మ్యాపులో లేదంటే ఆకాశంలో లేదని కాదు. దూరం విషయంలో ఉదారంగా ఉండండి. 11 కిలోమీటర్ల ఎత్తున, 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం దిగంతానికి దాదాపు మూడున్నర డిగ్రీల పైన కనిపిస్తుంది. ల్యాండింగ్ లైట్లతో మీవైపే వస్తుంటే నిమిషాల తరబడి కదలకుండా నిలబడినట్టే ఉంటుంది. చిలీ నౌకాదళ హెలికాప్టర్ 2014లో పరారుణ కెమెరాతో తీసిన వీడియో రెండేళ్లు అధికారిక విచారణలో తేలలేదు. 2017 జనవరిలో బయటపెట్టాక విమానాల దారి రికార్డులతో పోలిస్తే శాంటియాగో నుంచి పైకెగసిన ప్రయాణికుల విమానమని కొద్ది రోజుల్లోనే తేలింది. వస్తువు దగ్గరలో ఉందనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు.

ఉపగ్రహాలకు హెవెన్స్ అబవ్ అనే వెబ్‌సైటు వాడండి. స్టెలేరియంలోని ఉపగ్రహాల విభాగం ఇవాళ్టి కక్ష్య వివరాలతో లెక్కిస్తుంది, పాత ఫొటోకు ఆ జవాబు చెల్లదు. ఫొటో తీసిన తేదీకి ఒకట్రెండు రోజుల లోపలి కక్ష్య వివరాలు కావాలి, స్పేస్ ట్రాక్ సైటులో ఖాతా తెరిస్తే పాతవి దొరుకుతాయి. వరసగా పూసల్లా పోయే దీపాలైతే కొత్తగా ప్రయోగించిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల గుంపు, 2019 మే నుంచి ఈ దృశ్యం మొదలైంది. దిగంతం దగ్గర ఒకే చోట వెలుగులు వెలిగి ఆరుతూ, కొన్ని సెకన్లకు మరొకటి వెలుగుతుంటే అవీ స్టార్‌లింకే కావచ్చు. సూర్యుడు దిగంతానికి 40 డిగ్రీల దరిదాపుల్లో కిందున్నప్పుడు, సూర్యుడున్న దిక్కునే ఇవి కనిపిస్తాయి. ఆ కోణం కూడా స్టెలేరియం చెబుతుంది.

ఆకాశంలో పెద్ద సుడి కనిపిస్తే రాకెట్ ప్రయోగాల పట్టిక తీయండి. 2009 డిసెంబర్ 9న నార్వే మీద కనిపించిన సుడి, విఫలమైన రష్యా బులావా క్షిపణిది. 2023లో హవాయి, అలాస్కా మీద కనిపించినవి ఫాల్కన్ 9 రాకెట్ రెండో దశ తిరుగుతూ మిగిలిన ఇంధనాన్ని వదలడం వల్ల వచ్చినవి.

గాలివాటున పోయే నారింజ రంగు దీపం కొద్ది నిమిషాల్లో ఆరిపోతే కాగితపు లాంతరు. గాలి దిశ ఆ రోజు వాతావరణ రికార్డులో చూడండి, వెలుగు గాలికి ఎదురు పోయిందంటే లాంతరు కాదు. వాతావరణ బెలూన్లను ప్రపంచమంతా 00, 12 యూటీసీ దరిదాపుల్లో వదులుతారు, సాండ్‌హబ్ సైటులో వాటి దారి ఉంటుంది. దిగంతం దగ్గర వచ్చిపోయే వెలుగులకు దూరపు రోడ్డు మలుపులు, కొండ మీది టవర్లు చూడండి. టెక్సస్‌లో మార్ఫా ఊరి దగ్గర రాత్రుళ్లు కనిపించే వింత వెలుగుల్ని 2004లో భౌతికశాస్త్ర విద్యార్థులు పరీక్షిస్తే, వాళ్లు గమనించినవి 67వ నంబరు హైవే మీది కార్ల హెడ్‌లైట్లుగా తేలాయి.

చూసినవాళ్లను అడిగే తీరు

మీ ఊహ చెప్పకముందే అడగండి. ‘గుండ్రంగా ఉందా’ అంటే అవునంటారు, ‘ఎలా ఉంది, గీసి చూపించండి’ అనాలి. ఎత్తును డిగ్రీల్లో అడక్కండి, అదే చోట నిలబెట్టి చేత్తో చూపించమనండి. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. జనం ఎత్తును ఎక్కువ చేసి చెబుతారు, 30 డిగ్రీలు నడినెత్తినట్టే అనిపిస్తుంది. చీకట్లో ఒంటరి చుక్కను కాసేపు తేరిపార చూస్తే అది కదులుతున్నట్టే ఉంటుంది. అది కంటి స్వభావం, అబద్ధమాడుతున్నారని కాదు.

మరుసటి రాత్రి అదే చోటికి వెళ్లండి. నక్షత్రమైతే నిన్నటికంటే 4 నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తుంది, గ్రహమైనా అంతకు దగ్గరగానే. వచ్చిందా, అదే ఫోన్, అదే సెట్టింగులతో ఒక ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. ఇంతకు మించిన రుజువు లేదు.

తేల్చి రాయడం

ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో ఆకాశపు వింతలను విచారించే గీపాన్ విభాగం వాడే నాలుగు గడులు బాగుంటాయి. ఏ అంటే గుర్తించినది, బీ అంటే బహుశా ఫలానా, సీ అంటే సమాచారం చాలదు, డీ అంటే సమాచారం బాగా ఉన్నా, విచారించినా తేలనిది. కొత్తవాళ్లు సీలో పెట్టాల్సినవి డీలో పెడతారు. అసలు ఫైలు లేదు, సమయం గంట అటూ ఇటూ, దిక్కు గుర్తులేదు అంటే అది సీ, ఎంత అందమైన ఫొటో అయినా. డీ అనాలంటే సమయం, దిక్కు, ఎత్తు, గీత వేగం అన్నీ చేతిలో ఉండి, ఒక్కో అనుమానితుడిని ఏ లెక్కతో పక్కన పెట్టారో రాసి ఉండాలి. ‘విమానం కాదు’ అని కాకుండా ‘21:14:30కి 250 కిలోమీటర్ల లోపల ఆ దిక్కున సంకేతాలు పంపే విమానం లేదు, సంకేతం పంపనిది ఉండొచ్చు’ అని రాయండి.

అది ఉల్కేనని, శుక్రుడికంటే ప్రకాశవంతమైందని తేలితే అంతర్జాతీయ ఉల్కా సంస్థ వెబ్‌సైటులో అగ్నిగోళాల ఫారం నింపండి. ఇతర ఊళ్ల వాళ్ల నివేదికలు తోడైతే దాని దారి లెక్కగట్టేది అక్కడే. ఫారంలో పెట్టాల్సింది మీ గడియారం సరిచేసిన సమయం, పక్కనే సరిచేయని అసలు సమయం కూడా.